రెండో భాగాన్ని సాలెపురుగు చెడగొట్టిందా?

మన తెలుగు ప్రేక్షకుడికి ఒక అలవాటుంది. హాల్లోంచి బయటికొస్తూ, సైకిల్ స్టాండు దాకా కూడా ఆగకుండా తీర్పు చెప్పేస్తాడు. "ఫస్టాఫ్ అదిరింది గురూ! సెకండాఫే కొంచెం..." అని ఆపేస్తాడు. ఆ "కొంచెం" తర్వాత ఏముందో నిర్మాతకీ తెలుసు, గేటు దగ్గర టిక్కెట్లు చింపేవాడికీ తెలుసు.

ఈ తీర్పు మన ఒక్కళ్ల సొత్తే అనుకునేవాణ్ణి. కాదు! అమెరికాలో 1990లో రెండు రాత్రులు టీవీలో వచ్చిన ఓ భయానక కథ గురించి అక్కడి జనం ముప్పై ఏళ్లు దాటినా ఇదే పాట పాడుతున్నారు. "మొదటి రాత్రి అదిరింది. రెండో రాత్రే కొంచెం..."

ఆ కథ పేరు 'ఇట్'. తెలుగులో చెప్పాలంటే 'అది'. స్టీఫెన్ కింగ్ 1986లో రాసిన నవల. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం. తలకింద పెట్టుకుంటే వేరే దిండు అక్కర్లేదు! దాన్ని ఏబీసీ టెలివిజన్ వారు రెండు భాగాలుగా తీయించి, 1990 నవంబరు 18 ఆదివారం మొదటి భాగాన్నీ, 20 మంగళవారం రెండో భాగాన్నీ ప్రసారం చేశారు. దర్శకుడు టామీ లీ వాలెస్.

తమాషా ఏమిటంటే, అందరూ తిట్టే ఆ రెండో భాగాన్నే ఎక్కువమంది చూశారు. మొదటి రాత్రి సుమారు 1 కోటి 75 లక్షల ఇళ్లలో టీవీలు దానికి తిప్పి ఉంటే, రెండో రాత్రి ఆ లెక్క 1 కోటి 92 లక్షలకు ఎక్కింది. అంటే మొదటి భాగం చూసినవాళ్లు సోమవారం ఆఫీసులోనూ, బడిలోనూ పదిమందికి చెప్పి ఉంటారన్నమాట. ఆ పదిమందీ మంగళవారం రాత్రి ఆశగా కూర్చున్నారు. కూర్చుని... మూతి ముడుచుకుని లేచారు!

ఎందుకు? వాళ్ల కోపం న్యాయమైనదేనా? ఈ సంగతి తేల్చుకుందామని ఈమధ్య మా ఇంట్లోనే ఓ చిన్న పంచాయితీ పెట్టాను. దాని వివరాలు చెప్పేముందు నా సొంత కథ కొంత చెప్పాలి. ఎందుకంటే ఈ రెండో భాగంతో నాకు పాత బాకీ ఉంది.

తెనాలిలో తెగిపోయిన కథ

1993 వేసవి. ఇంటర్ పరీక్షలు రాసేసి తెనాలిలో ఖాళీగా తిరుగుతున్న రోజులు. నేనూ, లెక్కల మాస్టారి అబ్బాయీ, టైలరు గారి అబ్బాయీ, మా వీధి చివర మిల్లు గుమాస్తా గారి అబ్బాయీ... నలుగురం తలా కాసిని డబ్బులు వేసుకుని, ఒక రాత్రికి వీసీపీ, కలర్ టీవీ అద్దెకు తెచ్చాం. రిక్షాలో టీవీని ఒళ్లో పసిపిల్లను కూర్చోబెట్టుకున్నట్టు కూర్చోబెట్టుకుని తెచ్చాం. వీడియో లైబ్రరీ కుర్రాడు రెండు తెలుగు సినిమాలిచ్చి, పైన ఒక ఇంగ్లీషు క్యాసెట్టు పెట్టి, "ఇది చూడండి, రాత్రి బయటికి పోవాలంటే తోడు కావాల్సిందే" అన్నాడు.

నిజంగానే కావాల్సి వచ్చింది!

వాన కురుస్తోంది. పసుపుపచ్చ వానకోటు వేసుకున్న చిన్న కుర్రాడు కాగితం పడవ వదులుతాడు. పడవ కొట్టుకుపోయి రోడ్డు పక్క తూములో పడుతుంది. వాడు వంగి చూస్తే... తూములో నవ్వుతూ ఒక బఫూన్! బుడగలిస్తానంటాడు, పడవ ఇస్తానంటాడు. పిల్లాడు చెయ్యి చాపుతాడు. అంతే.

మాకు ఇంగ్లీషు నాలుగో వంతు కూడా అర్థం కాలేదు. లెక్కల మాస్టారి అబ్బాయి ఒక్కడే కాస్త నయం. వాడు గుసగుసగా తెలుగులో చెబుతుంటే మేం ముగ్గురం వాడి మీద పడిపోయి వింటున్నాం. ఏడుగురు పిల్లలు. ఒకడికి నత్తి, ఒకడు లావు, ఒకడికి ఉబ్బసం, ఒకడు నల్లవాడు, ఒకడు యూదుడు, ఒకడు వాగుడుకాయ, ఒక అమ్మాయికి తాగుబోతు తండ్రి. బడిలో అందరూ వెక్కిరించే ఆ ఏడుగురూ ఒకటై, మురుగు సొరంగంలోకి దిగి ఆ బఫూన్‌ను తరిమేస్తారు. అది మళ్లీ వస్తే మనమూ మళ్లీ రావాలి అని చేతులు కలుపుకుని ఒట్టేసుకుంటారు. ముప్పై ఏళ్లకు అది వచ్చింది! ఊళ్లో ఉండిపోయిన నల్లజాతి కుర్రాడు మైక్ ఇప్పుడు లైబ్రేరియన్. ఒక్కొక్కరికీ ఫోన్లు చేస్తాడు. ఫోనందుకున్నవాళ్లలో ఒకడు స్నానాల గదిలోకి వెళ్లి చెయ్యి కోసుకుని చచ్చిపోతాడు. గోడ మీద రక్తంతో రెండక్షరాలు...

క్యాసెట్టు అయిపోయింది!

పొద్దున్నే నలుగురం వీడియో లైబ్రరీ తలుపు తెరవకముందే వెళ్లి నిలబడ్డాం. "రెండో క్యాసెట్టా? బయటికెళ్లింది" అన్నాడు. మర్నాడూ అదే మాట. వారం తర్వాతా అదే మాట. అసలు వాళ్ల దగ్గర రెండో క్యాసెట్టు ఎప్పుడూ లేదని తర్వాత తెలిసింది లెండి.

అమెరికావాళ్లు రెండు రోజులు ఆగితే చాలు. మేం ఆగేదెలా? అందుకని రెండో భాగం మేమే తయారు చేసుకున్నాం! కాలవ గట్టు మీద కూర్చుని రోజుకో ముగింపు. టైలరు గారి అబ్బాయి కథలో ఆ బఫూన్ మారువేషంలో ఉన్న ఊరి పోలీసు ఆఫీసరు. ఆఖర్న ముసుగు లాగేస్తారు. గుమాస్తా గారి అబ్బాయి కథలో అందరూ చచ్చిపోతారు, వాడికి అలాంటివే ఇష్టం. నా కథలో తూములో పోయిన తమ్ముడు ఎక్కడో బతికే ఉంటాడు. లెక్కల మాస్టారి అబ్బాయి మాత్రం ఏ ముగింపూ చెప్పేవాడు కాదు. "క్యాసెట్టు దొరికితే నేనే మీకు తెలుగులో చెబుతాగా" అనేవాడు.

జూన్ వచ్చింది. కాలేజీలు వేరయ్యాయి. ఊళ్లు వేరయ్యాయి. నేను రెండో భాగం చూసింది 2004లో, హైదరాబాదులో ఓ స్నేహితుడు డీవీడీ ఇస్తే. ఒక్కణ్ణే చూశాను. పదకొండేళ్లు ఎదురుచూసిన ముగింపులో ఏమొచ్చిందో తెలుసా? కిర్రుకిర్రుమంటూ కదిలే ఒక పెద్ద సాలెపురుగు బొమ్మ! ఎంత చిరాకు పడ్డానంటే, ఆ డీవీడీ మొహం మళ్లీ చూడలేదు.

రెండు సాయంత్రాల పంచాయితీ

మళ్లీ చూడాల్సి వచ్చింది మా అక్క కొడుకు వల్ల. 2017లో ఆండీ ముషియెట్టి తీసిన వెండితెర 'ఇట్'నూ, 2019లో వచ్చిన రెండో అధ్యాయాన్నీ వాడు చూశాడు. 2025లో ఆ ఊరి పూర్వకథ 'వెల్కమ్ టు డెర్రీ' సీరియల్‌గా వస్తే అదీ చూశాడు. "మావయ్యా, పాతది నీ దగ్గరుందటగా? మావాళ్లు కూడా వస్తారు" అన్నాడు. వచ్చారు. వాడితో కలిపి నలుగురు. మేం కూడా నలుగురమే కదా అనుకుని నవ్వుకున్నాను.

మొదటి సాయంత్రం మొదటి భాగం. ఫోన్లు చేతుల్లో ఉన్నాయి గానీ, తూము దగ్గర సీను వచ్చేసరికి నాలుగూ పక్కకెళ్లిపోయాయి. బఫూన్ పెన్నీవైజ్‌గా వేసిన టిమ్ కర్రీ అలాంటివాడు మరి! రంగస్థలం మీద నుంచి వచ్చిన ఇంగ్లండు నటుడు. అరవడు, మీద పడడు. పప్పుబెల్లాలు పెట్టే పక్కింటి తాతలా మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారి పళ్లు చూపిస్తాడు. అంతే, మన ఒళ్లు జలదరిస్తుంది.

రెండో సాయంత్రం రెండో భాగం. మొదటి అరగంట బాగానే చూశారు. గంట గడిచేసరికి ఒకళ్లు నీళ్లకు లేచారు, ఒకళ్లు ఫోను తీశారు. ఆఖర్న సాలెపురుగు వచ్చింది. ఇంకేముంది, ఇల్లెగిరిపోయేలా నవ్వు!

నవ్వులయ్యాక అడిగాను. "ఇప్పుడు సావకాశంగా చెప్పండి. తప్పెక్కడ జరిగింది?"

మా మేనల్లుడిది సూటి మాట. "బఫూన్ ఉన్నంతసేపూ బాగుంది మావయ్యా. అసలు భయపెట్టేదే వాడు. ఆఖర్న వాణ్ణి తీసేసి పురుగును పెడితే ఎవడికి భయం? హీరో లేకుండా క్లైమాక్స్ ఫైటు తీసినట్టుంది."

రెండో కుర్రాడు గ్రాఫిక్స్ నేర్చుకుంటున్నాడు. బొమ్మను తిడతాడేమోనని చూస్తే, వెనకేసుకొచ్చాడు! "అప్పట్లో కంప్యూటర్ బొమ్మలు ఇంకా టీవీ దాకా రాలేదు సార్. 'జురాసిక్ పార్క్' వచ్చిందే 1993లో. టీవీ బడ్జెట్లో అంత బొమ్మ చెయ్యడమే గొప్ప. తప్పు బొమ్మది కాదు, చూపించినవాళ్లది. సగం చీకట్లో ఉంచి నాలుగు కాళ్లు చూపిస్తే చాలు. వీళ్లు మొత్తం చూపించారు. మొత్తం చూశాక ఎవరికైనా నవ్వే వస్తుంది."

మూడో అమ్మాయి షార్ట్ ఫిల్ములకు ఎడిటింగ్ చేస్తుంది. ఆ పిల్ల కోపం సాలెపురుగు మీద కాదు. "మొదటి భాగంలో పిల్లలు ఏదో ఒకటి చేస్తున్నారు. ఆనకట్ట కడతారు, రాళ్లతో కొట్టుకుంటారు, సొరంగంలో దిగుతారు. పెద్దయ్యాక చేసేదేముంది? హోటల్లో కూర్చుంటారు, లైబ్రరీలో కూర్చుంటారు, మళ్లీ హోటల్లో కూర్చుంటారు. వెళ్దామా, పారిపోదామా అని వాదించుకుంటారు. అరగంట కత్తిరించొచ్చు!"

నాలుగోవాడు కాస్త మితభాషి. అందరికంటే ఆఖర్న, మొహమాటపడుతూ అన్నాడు. "నాకు రెండోదే నచ్చింది."

ముగ్గురూ వాడి మీద పడ్డారు. వాడు మాత్రం తగ్గలేదు. "లైబ్రరీ సీను ఉంది కదా. రిచీ ఒక్కడే ఉంటాడు. పైనుంచి బఫూన్ అరుస్తుంటాడు, పాత జోకులేస్తుంటాడు, రక్తం నింపిన బుడగలు పగులుతుంటాయి. పక్కన చదువుకునేవాళ్ల మొహాల మీద కూడా రక్తం పడుతుంది. ఎవరూ తల కూడా ఎత్తరు. నేను ఫస్టియర్లో హాస్టల్లో ఉన్నప్పుడు అచ్చం అలాగే ఉండేది. నాకొక్కడికే ఏదో వినబడుతున్నట్టు. పక్కన అందరూ చదువుకుంటున్నట్టు."

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మా మేనల్లుడు లేచి వాడి పక్కకు వెళ్లి కూర్చున్నాడు.

అసలు కారణాలు

ఈ అభిప్రాయాలన్నీ సబబే. వాటి వెనక ఉన్న కారణాలు కూడా చెప్పుకుంటే న్యాయంగా ఉంటుంది.

మొదటిది, కథను కోసిన తీరు. నవలలో చిన్నతనం, పెద్దతనం జడలా అల్లుకుని సాగుతాయి. ఒక పాయ పిల్లలది, ఒక పాయ పెద్దలది. సొరంగంలోకి రెండుసార్లు దిగడం కూడా దాదాపు ఒకేసారి చదువుతాం. టీవీ రచయిత లారెన్స్ డి. కోహెన్, 1976లో వచ్చిన 'క్యారీ' సినిమాకు స్క్రీన్‌ప్లే రాసినాయనే, ఆ జడను విప్పాల్సి వచ్చింది. ఫోను మోగడం, చిన్నతనం గుర్తుకు రావడం మొదటి రాత్రికి పెట్టి, పెద్దవాళ్ల కథంతా రెండో రాత్రికి పెట్టారు. మొదట ఈ కథను జార్జ్ రొమేరో దర్శకత్వంలో ఇంకా ఎక్కువ గంటలు తీయాలని అనుకున్నారు. అది జరగలేదు. రెండు రాత్రులకు కుదించారు. రెండో భాగం రచనలో దర్శకుడు వాలెస్ కూడా చెయ్యి కలిపాడు. అంటే కోత పడిందీ, కుట్లు పడిందీ ఎక్కువగా రెండో భాగం మీదే!

రెండోది, సాలెపురుగు సంగతి. నవలలో అది నిజంగా సాలెపురుగు కాదు. దాని అసలు రూపం మనిషి బుర్రకు అందని ఒక వెలుగు; ఆ వెలుగును నేరుగా చూసినవాడికి మతి పోతుంది. మనిషి మనసు దానికి ఇవ్వగలిగిన దగ్గర పోలిక సాలెపురుగు, అంతే. ఇది అక్షరాల్లో చదివితే భయమే. తెర మీద "అందనిది" ఎలా చూపిస్తారు? పోలికనే చూపించారు. పోలిక కాస్తా పురుగైపోయింది.

మూడోది, తారాగణం. పెద్ద పాత్రలు వేసినవాళ్లంతా అమెరికా ఇళ్లకు బుల్లితెర చుట్టాలు. బిల్‌గా వేసిన రిచర్డ్ థామస్ 'ది వాల్టన్స్'లో మంచి పెద్దకొడుకు. బెన్‌గా వేసిన జాన్ రిట్టర్, రిచీగా వేసిన హ్యారీ ఆండర్సన్ ఇద్దరూ హాస్యనటులుగా ప్రసిద్ధులు. రోజూ నవ్వించేవాళ్లు భయపడుతుంటే చూసేవాళ్లకు వింతగా ఉండదూ? బిల్ భార్య ఆడ్రాగా వేసిన ఒలీవియా హస్సీ 1968 'రోమియో అండ్ జూలియట్' నాయిక. ఆవిణ్ణి తీసుకొచ్చి, సగం కథలో కళ్లు తెరుచుకుని స్పృహ లేకుండా కూర్చోబెట్టారు, పాపం!

పోనీ, అన్నీ సౌకర్యాలున్న 2019లో ఏం జరిగింది? కంప్యూటర్లున్నాయి, డబ్బుంది, దాదాపు రెండు గంటల యాభై నిమిషాల నిడివి ఉంది. అయినా 2017 చిత్రం ప్రపంచమంతా కలిపి సుమారు 70 కోట్ల డాలర్లు తెస్తే, రెండో అధ్యాయం 47 కోట్ల దగ్గర ఆగింది. మళ్లీ అదే తీర్పు: మొదటిదే బాగుంది! ఆ సినిమా తీసినవాళ్లకు ఈ సంగతి ముందే తెలుసేమో... రచయిత అయిన బిల్‌ను పట్టుకుని నీ ముగింపులు బాగుండవని అందరూ ఆటపట్టిస్తుంటారు. ఒక పాత సామాన్ల కొట్టువాడి చిన్న వేషంలో స్టీఫెన్ కింగే వచ్చి ఆ మాట అంటాడు. తన మీద తనే వేసుకున్న జోకు!

మనవాళ్లు కూడా ఈ కథను వదల్లేదు. 1998లో జీ టీవీలో 'వో' అని హిందీ సీరియల్‌గా వచ్చింది. బఫూన్‌గా లిల్లీపుట్ వేశాడు. తర్వాత 'లగాన్' తీసిన అశుతోష్ గోవారికర్ అందులో ముఖ్యపాత్రధారి. ఆ రోజుల్లో కేబుల్ ఉన్న ఇళ్ల పిల్లలు దాన్ని దుప్పటి సందుల్లోంచి చూసేవారు.

అంటే తప్పు బొమ్మది ఒక్కటే కాదు, బడ్జెట్టుది ఒక్కటే కాదు. పిల్లల భయానికి ఒక ఆకారం ఉంటుంది. బఫూన్, తోడేలు, మమ్మీ... తెర మీద చూపించొచ్చు. నలభై ఏళ్లవాడి భయానికి ఆకారమేది? అది చూపించడం ఏ దర్శకుడికైనా కష్టమే.

అక్క చెప్పిన మాట

ఇంత చర్చ జరుగుతుంటే మా అక్క ఓ మూల పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. సినిమా చూస్తోందని కూడా మేం అనుకోలేదు.

"ఆ అమ్మాయి తన ఇంటికి వెళుతుంది చూడు, అదిరా భయం" అంది.

బెవర్లీ సీను. తండ్రి ఉండే పాత ఇంటికి వెళ్లి తలుపు తడుతుంది. ఎవరో ముసలమ్మ తీస్తుంది. మీ నాన్న పోయి చాలా కాలమైందమ్మా అంటుంది. లోపలికి పిలిచి మర్యాదగా టీ ఇస్తుంది. టీ రక్తమవుతుంది, ముసలమ్మ ఆ తండ్రి శవమవుతుంది.

"రక్తం, శవం అక్కర్లేదు నాకు" అంది అక్క. "మనింటి తలుపు మనం కొడితే ముక్కూ మొహం తెలియనివాళ్లు తియ్యడం ఉంది చూశావూ... అక్కడే నాకు వణుకొచ్చింది. తెనాలిలో ఇల్లు అమ్మాక నేనొకసారి వెళ్లాను. నీకు చెప్పలేదు. ఆవిడెవరో మంచిదే. కాఫీ ఇస్తానంది. తాగకుండా వచ్చేశాను."

నాకు నిజంగా తెలియదు. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆ రాత్రి పిల్లలు వెళ్లిపోయాక రెండో భాగాన్ని మళ్లీ మొదట్నుంచి పెట్టి చూశాను. 2004లో నాకు కనిపించని సినిమా కనిపించింది. చైనా హోటల్లో ఆ అయిదుగురూ మైక్‌తో కలిసి కూర్చుంటారు. మొదట ఒకళ్లనొకళ్లు గుర్తుపట్టడానికి తడుముకుంటారు. వాళ్లు మరిచిపోయింది బఫూన్‌ను ఒక్కణ్ణే కాదు, ఒకళ్లనొకళ్లు మరిచిపోయారు! ఊళ్లో ఉండిపోయిన మైక్‌కు ఒక్కడికే అంతా గుర్తుంది. వాడు ఫోను చెయ్యకపోతే ఆరుగురూ హాయిగా, ఖాళీగా బతికేసేవాళ్లే.

నా మూడు ఫోన్లు

మర్నాడు నేనూ ఫోన్లు మొదలుపెట్టాను. ఈ వ్యాసం కోసమే అనుకోండి.

టైలరు గారి అబ్బాయి ఇప్పుడు విజయవాడలో బట్టల వ్యాపారం చేస్తున్నాడు. 'ఇట్' రెండో భాగం గురించి నీ అభిప్రాయమేమిట్రా అంటే ఠక్కున చెప్పాడు. "భలే ఉంటుందిరా! ఆఖర్న ముసుగు లాగితే పోలీసాఫీసరు బయటపడతాడు చూడు, అదిరిపోద్ది!" ఒరేయ్, అది నువ్వు కాలవ గట్టు మీద చెప్పిన కథరా అంటే నమ్మడే! తను క్యాసెట్టులో చూశానని ఒట్టేశాడు. నేను గట్టిగా కాదనలేదు. మా నలుగురిలో రెండో భాగం నచ్చినవాడు వాడొక్కడే. ఎందుకు చెడగొట్టాలి?

గుమాస్తా గారి అబ్బాయి మస్కట్‌లో ఉన్నాడు. వాడు సినిమా చూశాడు. "ఏముందిరా, ఎడ్డీ ఒక్కడే పోయాడు. నా కథలో అందరూ పోయారు" అన్నాడు. నవ్వుకున్నాం. తర్వాత వాడే అడిగాడు. "మాస్టారి అబ్బాయి ఎలా ఉన్నాడు? వాడి నంబరు నీ దగ్గర ఉంటుందిగా?"

నా దగ్గర లేదు. వాడి దగ్గర ఉంటుందని నేననుకుంటున్నాను. విజయవాడవాడు మా ఇద్దరి దగ్గరా ఉంటుందనుకుంటున్నాడు. మాస్టారు రిటైరయ్యాక వాళ్ల కుటుంబం ఎటు వెళ్లిందో ముగ్గురికీ తెలియదు. తెనాలిలో అడుగుదామంటే మావాళ్లెవరూ అక్కడ మిగల్లేదు. మా నలుగురిలో మైక్ ఎవరూ లేరన్నమాట.

మూడో ఫోను చెయ్యలేదు. ఎవరికి చెయ్యను?

ఇక తీర్పు

సాలెపురుగు బాగుందని నేను చెప్పను. 1990లో బాగాలేదు, ఇప్పుడూ బాగాలేదు. దాని కడుపు చీల్చి గుండె పీకే సీను చూసి నవ్వకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. నవ్వండి, తప్పులేదు. రిచర్డ్ బెల్లిస్ సంగీతానికి 1991లో ఎమ్మీ వచ్చిందంటే రాదూ మరి... ఆ బొమ్మకు ప్రాణం పోయడానికి ఆయన పడ్డ అవస్థకైనా ఇవ్వాలి!

కానీ సాలెపురుగు చచ్చాక ఇంకా కొన్ని నిమిషాల కథ ఉంది. చాలామంది అప్పటికే లేచిపోతారు. ఆసుపత్రి మంచం మీద మైక్ డైరీ రాసుకుంటుంటాడు. మళ్లీ అందరూ అందర్నీ మరిచిపోవడం మొదలైందనీ, ఈసారి తనూ మరిచిపోతున్నాననీ రాస్తాడు. కథకు అది మంచి ముగింపన్నట్టే చూపించారు. భయం పోయింది కాబట్టి జ్ఞాపకంతో పనిలేదన్నమాట. నాకు మాత్రం మొత్తం నాలుగు గంటల ప్రసారంలో అంత భయం పుట్టించిన సీను ఇంకొకటి లేదు. తూము దగ్గర సీనుతో సహా!

పద్దెనిమిదేళ్లవాడికి మొదటి భాగం బాగుంటుంది. బాగుండాలి కూడా. స్నేహితులంతా ఒక్క కేక దూరంలో ఉన్నప్పుడు రెండో భాగం గొడవ ఎందుకు? అయితే ఆ నాలుగో కుర్రాడిలాంటివాళ్లు కొందరు ముందే చూసేస్తారు. వాళ్ల పక్కన లేచి వెళ్లి కూర్చునేవాడు ఒకడుంటే చాలు.

పాఠకులు కూడా రెండు భాగాలూ వరసగా చూసి తీర్పు చెప్పండి. చూసేముందు ఒక పని చెయ్యండి. మీతో కలిసి మొదటి సినిమా చూసినవాళ్ల నంబర్లు మీ దగ్గర ఉన్నాయో లేదో ఒకసారి చూసుకోండి.

లెక్కల మాస్టారి అబ్బాయీ... ఈ పత్రిక ఎక్కడైనా నీ కంటబడితే, రెండో క్యాసెట్టు దొరికిందిరా. నేను చూశాను గానీ నాకు సరిగ్గా అర్థం కాలేదు. నువ్వొచ్చి తెలుగులో చెప్పాలి.